చైల్డ్ కస్టడీ: విడాకుల కేసుల్లో పిల్లలు ఎవరికి? అసలు తీర్పు ఎప్పుడు మొదలవుతుందంటే..

భార్యాభర్తలు విడిపోతే ఆస్తి పంచుకోవచ్చు.. నగలు లెక్కేసుకోవచ్చు. మరి పిల్లల్ని ఎలా పంచుకుంటారు? ‘పిల్లల్ని తల్లికే ఇస్తారు’ అని కొందరు, ‘చట్టం తండ్రి వైపే ఉంది’ అని ఇంకొందరు అంటుంటారు. రెండూ పూర్తిగా నిజం కాదు.

చట్టంలో ఏముంది?

1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం అన్ని మతాల వారికీ వర్తిస్తుంది. హిందువులకు దీంతో పాటు 1956 నాటి మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం కూడా ఉంది. దాని ప్రకారం సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన ‘తర్వాత’ తల్లి. కానీ ఐదేళ్లలోపు పిల్లలు సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలి. ‘తర్వాత’ అంటే తండ్రి చనిపోయాకే అని కాదంటూ 1999లో రచయిత్రి గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. తండ్రి పట్టించుకోకపోయినా, అందుబాటులో లేకపోయినా తల్లే సంరక్షకురాలు. వీటన్నిటికంటే పైన ఉండేది ఒక్కటే.. బిడ్డ సంక్షేమం.

జీతం ఎక్కువుంటే గెలిచినట్టేనా?

కాదు. తల్లికి ఉద్యోగం లేదన్న ఒక్క కారణంతో కస్టడీ నిరాకరించరు. ఖర్చుల కోసం తండ్రి నుంచి మెయింటెనెన్స్ ఇప్పించే వీలుంది. ఇన్నాళ్లూ బిడ్డను ఎవరు చూసుకున్నారు? స్కూల్ మారాల్సి వస్తుందా? అన్నాచెల్లెళ్లు విడిపోతారా? ఇంట్లో హింస ఉందా? కోర్టు అడిగేవి ఇవీ. కాస్త ఊహ తెలిసిన పిల్లలైతే జడ్జి తన ఛాంబర్‌లో విడిగా మాట్లాడతారు. పిల్లల మాటకు విలువ ఉంటుంది.. కానీ అదే తుది తీర్పు కాదు.

అసలు చిక్కు టైమ్‌తోనే

కేసు తేలేసరికి ఏళ్లు పట్టొచ్చు. ఈలోగా బిడ్డ ఎవరి దగ్గరుంటే వాళ్లకు, ఆ ఇంటికి, ఆ స్కూల్‌కు అలవాటు పడిపోతుంది. తర్వాత అక్కడి నుంచి కదిలించడానికి కోర్టులూ వెనకాడతాయి. అంటే తుది తీర్పు కంటే ముందే కాలం సగం తీర్పు ఇచ్చేస్తుందన్నమాట!

అందుకే మధ్యంతర ఉత్తర్వులు చాలా కీలకం. కస్టడీ ఒకరికి ఇచ్చినా, రెండోవారికి బిడ్డను కలిసే విజిటేషన్ హక్కు ఉంటుంది. వారాంతాలు, పండగ సెలవుల్లో సగం రోజులు, వీడియో కాల్స్.. ఇలా కోర్టు షెడ్యూల్ వేస్తుంది. బిడ్డకు తల్లిదండ్రులిద్దరి ప్రేమా అవసరమని, దూరంగా ఉన్నవారికి వీడియో కాల్‌లో మాట్లాడే అవకాశం ఇవ్వాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. కావాలని బిడ్డను చూపించకుండా దాచేస్తే, అది కేసులో వాళ్లకే ఎదురుతిరగొచ్చు.

ఎన్‌ఆర్‌ఐల సంగతేంటి?

అమెరికా లాంటి దేశాల్లో ఉండే తెలుగు జంటల్లో ఒకరు పిల్లలతో ఇండియా వచ్చేస్తే కథ మరింత ముదురుతుంది. పిల్లల తరలింపుపై 1980 హేగ్ ఒప్పందంలో భారత్ లేదు. కాబట్టి అక్కడి కోర్టు ఆర్డర్ ఇక్కడ ఆటోమేటిక్‌గా అమలు కాదు. పరిశీలించే అంశాల్లో అది ఒకటి మాత్రమేనని, బిడ్డ సంక్షేమమే ముఖ్యమని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. దీంతో అక్కడే ఉండిపోయినవారు ఇక్కడి హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేయాల్సి వస్తోంది.

దారేంటి?

పిల్లల బాధ్యత ఇద్దరూ పంచుకునేలా జాయింట్ కస్టడీకి చట్టంలో చోటివ్వాలని 2015లో లా కమిషన్ తన 257వ నివేదికలో సిఫార్సు చేసింది. ఆ సవరణలు ఇంకా రాలేదు. అయినా మీడియేషన్‌లో ఇద్దరూ ఒప్పుకుని రాసుకునే వీలు ఇప్పుడే ఉంది. కస్టడీ ఆర్డర్ శాశ్వతమేమీ కాదు, పరిస్థితులు మారితే మళ్లీ కోర్టుకెళ్లి మార్పించుకోవచ్చు. కానీ వాయిదాల మధ్య గడిచిపోయిన బాల్యాన్ని మాత్రం ఏ కోర్టూ వెనక్కి ఇప్పించలేదు.