వెనకాల ఎవరున్నారు?

సంక్రాంతి వచ్చిందంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఇళ్ల అరుగుల మీద పేకముక్కలు పరుచుకుంటాయి. భోగి నాడు మొదలైన ఆట ముక్కనుమ దాకా సాగుతుంది. ఈ ప్రాంతానికి పేకాట కొత్తేమీ కాదు. గురజాడ వారి ‘కన్యాశుల్కం’లో మధురవాణి ఇంట పేకాట రంగం గుర్తుందిగా! అక్కడ ముక్కలకంటే మాటలే ఎక్కువ పడతాయి.

ఇప్పుడు రమ్మీ, మూడుముక్కలాట పక్కన పోకర్ కూడా చేరింది. పండక్కి ఊరొచ్చిన కుర్రాళ్లు దాన్ని కూడా వెంట తెస్తున్నారు. రమ్మీలో మన ముక్కలు సర్దుకోవడమే పెద్ద పని. పోకర్‌లో అలా కాదు, పందెం ఎప్పుడు పెంచాలో తెలియడమే అసలు విద్య. అందులోనూ ఆఖరి పందెం దగ్గర చాలామంది బోల్తా పడతారు. ఆఖరి పందేనికి వచ్చేసరికి ఇక కొత్త ముక్క రాదు. అదృష్టం చేయాల్సిన పని చేసేసింది. మిగిలింది మనుషులే.

చిన్న లెక్క చూద్దాం. పందేనికి చింతపిక్కలో, పలాస వైపైతే జీడిపిక్కలో అనుకోండి. నలుగురు కూర్చున్నారు. మధ్యలో 40 పిక్కలున్నాయి. బావ మొదట 10 పిక్కలు పందెం వేశాడు. తర్వాతి వంతు మీది. మీ వెనక మావయ్య, మరదలు ఉన్నారు. మీ చేతిలో మంచి కలర్ పడింది. “ఏటి, ఆలోచిస్తన్నావు? పెంచీ!” అని పక్కనున్నవాళ్లు ఎగదోస్తారు. పెంచాలా?

ఊరికే 10 వేసి ఊరుకున్నారనుకోండి. మావయ్యకి, మరదలికి మీకంటే చిన్న ముక్కలున్నా, ‘పదే కదా, చూద్దాం’ అని చెరో పదీ వేస్తారు. మీరు గెలిస్తే 40, బావవి 10, వాళ్లిద్దరివి 20, మొత్తం 70 మీ లాభం.

అదే 20కి పెంచారనుకోండి. బావ పందెం మీద మీరు కూడా పెంచేసరికి వెనకవాళ్లిద్దరూ భయపడి ముక్కలు పడేస్తారు. బావ ఇంకో 10 వేసి చూస్తే మీకొచ్చేది 60. అతను కూడా పడేస్తే 50. ఒకవేళ బావ దగ్గర మీకంటే పెద్ద ముక్కలుంటే పోయేది 10 కాదు, 20. అతను ఇంకా పెంచితే మళ్లీ చిక్కే. చూశారా? గెలిస్తే తక్కువ, ఓడితే ఎక్కువ. మంచి ముక్క చేతిలో ఉండి కూడా పెంచడం నష్టం.

అయితే ఎప్పుడూ పెంచకూడదా? వెనకవాళ్లు ఎంతకైనా దిగే మొండివాళ్లయితే పెంచండి. 20 వేయడానికి ముగ్గురూ సిద్ధమైతే గెలిచినప్పుడు 100 వస్తాయి. మీ వెనక ఎవరూ లేకపోతే, అంటే మీరే ఆఖరివారైతే, ఆ కలర్‌తోనే ధైర్యంగా పెంచవచ్చు. ముక్కలు అవే, కూర్చున్న చోటు మారితే లెక్క మారిపోతుంది. అందుకే పెంచేముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: నాకంటే చిన్న ముక్కలున్నవాళ్లలో ఎవరు డబ్బు వేస్తారు? ఎవరూ వేయరనిపిస్తే, మంచి ముక్కతో పెంచి లాభం లేదు.

ఈ ఆట మీద లెక్కల పండితులు పుస్తకాలే రాశారు. 1944లో జాన్ వాన్ న్యూమన్, ఆస్కార్ మోర్గెన్‌స్టెర్న్ రాసిన ఆటల సిద్ధాంతం గ్రంథంలో పోకర్‌కి పెద్ద చోటే ఉంది. ఇద్దరాడే చిన్న పోకర్ నమూనా తీసుకుని, పెద్ద పందెం కాయాల్సింది చాలా మంచి ముక్కలతో, అప్పుడప్పుడు బాగా చెత్త ముక్కలతో అని తేల్చారు. మధ్యరకం ముక్కలున్నవాడు నోరు మూసుకుని ఉండటమే మేలు.

ఇంత లెక్క తెలిసినా, పిక్కలు వదిలి డబ్బు ముట్టుకుంటే కథ వేరు. 1967లో ఆంధ్రప్రదేశ్ కేసులోనే సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యం ఆటగా గుర్తించింది, మూడుముక్కలాటను మాత్రం అదృష్టం ఆటగానే చూసింది. మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ జూదాన్ని కూడా అందులోకి తెచ్చారు. 2025లో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. ఫోన్‌లో ఆడేవాడికి ఎదుట బావా కనబడడు, మావయ్యా కనబడడు. వెనక ఎవరున్నారో తెలియని చోట ‘ఎవరు వేస్తారు?’ అన్న ప్రశ్నకు జవాబే లేదు. పోగొట్టుకున్నవాడు పోయింది రాబట్టుకోవాలని మళ్లీ పెంచుతాడు. ఈసారి పణంగా పడేది పిల్లల ఫీజో, ఇల్లాలి పుస్తెలో అవుతుంది.

కాబట్టి ఈ పండక్కి పేక తీస్తే ఒక దోసెడు చింతపిక్కలు కూడా తీసుకోండి. ఆఖరి వంతులో పౌరుషం పొంగుకొచ్చినప్పుడు ఒక్కసారి తల తిప్పి మీ తర్వాత ఎవరెవరున్నారో చూడండి. అక్కడ కూర్చున్నది మీ ఇంటివాళ్లే కదా!