సముద్రానికి కేక వేస్తే

పత్తీ మిరపా పండే నేలమీద కూర్చుని సముద్రం మాట యెత్తడమేమిటని మీరు అనవచ్చు. కాని చీరాల నుంచి ఓడరేవు యెంతో దూరం లేదు. గుంటూరులో పొద్దున్నే బస్సెక్కితే భోజనాల వేళకు నిజాంపట్నం చేరుకుంటాం. 2022లో యీ రెండు రేవులూ కొత్త బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి గాని, మిరప కల్లానికీ చేపల రేవుకూ చుట్టరికం మాత్రం తెగలేదు.

మా కాలేజీలో చదివే పిల్లల్లో చాలామంది రైతుబిడ్డలు. నలుగురైదుగురు సముద్రం మీద బతికే యిళ్లవాళ్లు. వాళ్లలో ఒక కుర్రవాడు ఆ మధ్య ఒక చిన్న పుస్తకం పట్టుకు వచ్చాడు. వాళ్ల నాన్న తన మరబోటుకు చేపల జాడ తీసే యంత్రం పెట్టించాడట. పుస్తకమంతా ఇంగ్లీషే.

“మాష్టారూ, మా నాన్నకు తెలుగు చదవడం వచ్చు. యీ మాటలు తెలుగులో రాసివ్వండి. యంత్రం పక్కన అంటిస్తాను” అన్నాడు.

తెలుగు పాఠం చెప్పేవాడికి యిదేం పని అని మీకు తోచవచ్చు. మాటల పుట్టుక వెతకడమే గదా మా వృత్తి! భౌతికశాస్త్రం చెప్పే మిత్రుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని పని మొదలుపెట్టాను.

ఆ యంత్రాన్ని ‘ఫిష్ ఫైండర్’ అంటారు. దాని ప్రాణం ‘సోనార్’ అనే మాటలో వుంది. ధ్వని సాయంతో దారీ దూరమూ తెలుసుకోవడం అని అర్థమిచ్చే ఇంగ్లీషు మాటల ముందక్షరాలు కూర్చి, రెండో ప్రపంచయుద్ధకాలంలో అమెరికావాళ్లు పెట్టిన పేరు అది. చేసే పని మాత్రం మన పిల్లలు నూతిగట్టున చేసేదే. కేక వేయడం, మారుకేక యెంతసేపటికి వస్తుందో చూడడం.

గాలిలో సెకనుకు 340 మీటర్లు నడిచే ధ్వని సముద్రపు నీటిలో ఇంచుమించు 1500 మీటర్లు పరుగెడుతుంది. నీటిలో ధ్వని వేగాన్ని 1826లో కొల్లడాన్, స్టుర్మ్ అనే ఇద్దరు జెనీవా సరస్సులో గంట కొట్టి లెక్కకట్టారు. మొదటి ప్రపంచయుద్ధంలో లాంజెవిన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జలాంతర్గాముల ఆచూకీ కోసం పలుగురాతి బిళ్లలతో చెవికందని ధ్వని పుట్టించాడు. యుద్ధం కోసం పెరిగిన యీ విద్యను 1948లో జపానులోని ఫురునో సోదరులు చేపల వేట యంత్రంగా అమ్మకానికి తెచ్చారు.

ఇక మాటల సంగతి. మొదటిది ‘ట్రాన్స్‌డ్యూసర్’. బోటు అడుగున అమర్చే బిళ్ల యిది. కరెంటును ధ్వనిగా మార్చి నీటిలోకి పంపుతుంది. తిరిగివచ్చిన ధ్వనిని మళ్లీ కరెంటు చేస్తుంది. నోరూ చెవీ రెండూ తానే గనుక ‘నోరుచెవి’ అని రాశాను. కుర్రవాడు నవ్వాడు గాని, వాళ్ల నాన్న ఒప్పుకున్నాడట.

తరువాత లోతు. పదోవంతు సెకనులో మారుకేక వచ్చిందంటే ధ్వని పోనూ రానూ 150 మీటర్లు నడిచిందన్నమాట. లోతు అందులో సగం, 75 మీటర్లు. ఇంగ్లీషువాళ్ల ‘ఫాదం’ లెక్కలో 41. ఫాదం అంటే రెండు చేతులూ చాచినంత కొలత. మన ‘బార’ కూడా అంతే గదా! ఆ మాటకు అనువాదమే అక్కరలేకపోయింది. ఒక్క జాగ్రత్త మాత్రం ఎర్రసిరాతో రాశాను. యంత్రం లోతు కొలిచేది బిళ్ల దగ్గర నుంచి. బోటు అడుగు బిళ్లకంటే కిందికి వుంటే ఆ తేడా తీసెయ్యాలి. లేకపోతే మొగలో ఇసకమేట దాటేటప్పుడు బోటు దిగబడుతుంది.

‘ఫ్రీక్వెన్సీ’ దగ్గర 50, 200 అని రెండు అంకెలుంటాయి. సెకనుకు 50 వేల స్పందనలు, 2 లక్షల స్పందనలు అని అర్థం. మన చెవి 20 వేలతో సరిపెట్టుకుంటుంది. 50 అయితే కేక లోతుకు పోతుంది, వివరం తక్కువ. 200 అయితే వివరం యెక్కువ, లోతుకు పోదు. ఆ కేక టార్చిలైటు వెలుగులాగా కిందికి పోయేకొద్దీ విచ్చుకుంటుంది. దీన్నే ‘కోన్’ అంటారు. అది 20 డిగ్రీలు విచ్చుకునే రకమయితే 30 మీటర్ల అడుగున చూడగలిగేది పదిన్నర మీటర్ల వలయం మాత్రమే. దాని అవతల యెంత మంద వున్నా యంత్రానికి తెలియదు.

‘గెయిన్’ మన రేడియోలో శబ్దం పెంచే మరలాంటిది. మరీ పెంచితే రేడియో గరగరమన్నట్టు తెరనిండా చుక్కలు పడతాయి. అవన్నీ చేపలనుకుని వల దింపితే ఖర్చయ్యేది డీజిలు, దక్కేది నీళ్లు.

అన్నిటికంటె తికమక పెట్టేది తెర. కుడి అంచున కనిపించేదే యీ క్షణం. దానికి ఎడమనున్నదంతా గడిచిపోయిన సంగతి. చేప వలయం అంచున ప్రవేశించినప్పుడు దూరంగా, నడిమికి వచ్చేసరికి దగ్గరగా, వెళ్లేటప్పుడు మళ్లీ దూరంగా వుంటుంది. అందుకే తెరమీద విల్లులాంటి గీత పడుతుంది. విల్లు పొడుగ్గా వుందని చేప పెద్దదనుకోరాదు. ఎక్కువసేపు బోటు కింద నిలిచిందని మాత్రమే అర్థం.

చాలా చేపల కడుపులో గాలితిత్తి వుంటుంది. మారుకేక గట్టిగా పలికేది దానివల్లనే. సొరకూ వంజరానికీ ఆ తిత్తి లేదు. అంత పెద్ద చేపలయినా తెరమీద పలచగానే తోస్తాయి. నేల సంగతీ అంతే. రాతినేల గట్టిగా పలుకుతుంది, ఒక్కొక్కప్పుడు రెండోసారి కూడా పలుకుతుంది. బురదనేల మెల్లగా పలుకుతుంది. యీ తేడా తెలియక రాతిమీద వల యీడిస్తే, వలతోపాటు ఆ యేటి అప్పు తీరే ఆశ కూడా చిరిగిపోతుంది.

అందుకే మాట తెలియడం వేడుక కాదంటున్నాను. మందుడబ్బా మీది అక్షరాలు చదవలేక మోతాదు తప్పిన మిరప రైతును మనం యెరుగుదుం. నడిసముద్రంలో మీట తప్పిన సరంగు కథ కూడా అదే. తెలుగులో చెప్పడం కుదరదనేవారికి హైదరాబాదులోని ‘ఇన్‌కాయిస్’ సంస్థను చూపిస్తాను. ఉపగ్రహాల సాయంతో సముద్రపు వేడినీ, నీటిలోని పచ్చదనాన్నీ పసిగట్టి, చేపలు చేరే తావులను జాలర్లకు తెలుగులోనే చెబుతోంది.

పుస్తకం చివరిదాకా వెతికినా నాకు దొరకని మాట ఒకటుంది. అది ‘చాలు’ అనే మాట. చేప యెక్కడుందో యంత్రం చెబుతుంది, యెంత పట్టాలో చెప్పదు. చేపలు గుడ్లుపెట్టే కాలమని మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట ఆపుతున్నారు. అన్ని బోట్లకూ చూపు వచ్చిన యీ రోజుల్లో చేపకు దాక్కునే చోటు తగ్గిపోయింది. ఆ రెండు నెలలే దానికి మిగిలిన చాటు. అందుకని జాబితాలో ఆఖరి పంక్తిగా ఆ రెండు తేదీలూ నేనే చేర్చి యిచ్చాను.