సంస్థ పెట్టడమూ ఒక కళే!



ఈ రోజుల్లో ఏ పేపరు తిరగేసినా 'స్టార్టప్' అనే మాట కనిపిస్తోంది. వాటిని స్థాపించినవాళ్ళను కళాకారులతో పోలుస్తున్నారు. వాళ్ళు వేదిక ఎక్కి మాట్లాడితే దేశమంతా వింటోంది. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళు, జమ్మలమడుగు, పులివెందుల బజార్లు చూసి పెరిగిన మనకు వ్యాపారమంటే కొనడం, అమ్మడమే. అందులో కళ ఏముందని మనలో చాలామంది నవ్వుతారు. ఉందనే మా అభిప్రాయం. అయితే లాభం వచ్చినంత మాత్రాన ఎవరూ కళాకారులు కారు. పదిమందికీ చెప్పవలసిన మాట ఒకటి ఉండి, దానికోసం సంస్థ పెట్టినవాళ్ళకే ఆ పేరు తగుతుంది.

దీనికి సాక్ష్యం మన జిల్లాలోనే ఉంది. పులివెందుల తాలూకాలో పుట్టిన బి.ఎన్.రెడ్డి 1940లో వాహినీ సంస్థ తరఫున 'సుమంగళి' తీసి వితంతు వివాహాన్ని చర్చకు పెట్టారు. ఆయన తమ్ముడు బి.నాగిరెడ్డి 1912లో పొట్టిపాడులో పుట్టారు. వాళ్ళది ఉల్లిపాయలు ఎగుమతి చేసే కుటుంబం. నాగిరెడ్డి, చక్రపాణి కలిసి 1947 జూలైలో పిల్లల కోసం 'చందమామ' ప్రారంభించారు. తర్వాత అది పదికి పైగా భాషల్లో వెలువడింది. వారి విజయా సంస్థ 1955లో తీసిన 'మిస్సమ్మ'లో ఇద్దరు నిరుద్యోగులు ఉద్యోగం కోసం భార్యాభర్తలుగా నటిస్తారు. చదువుకున్నవాళ్ళ కష్టాన్ని నవ్విస్తూనే చెప్పారు. అన్నకు 1974, తమ్మునికి 1986 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు దక్కింది.

అయితే రెండు విషయాలు మరువరాదు. మొదటిది, ఏ సంస్థా ఒక్కరి చేతి పని కాదు. చందమామను కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుండి 1980లో కన్నుమూసే దాకా తీర్చిదిద్దారు. రెండవది, ఆ సోదరులకు వ్యాపార కుటుంబం అండ ఉంది. మన ఇళ్ళల్లో అమ్మానాన్నలు కూలికి పోయి, మన మొదటి జీతం కోసం ఎదురుచూస్తుంటారు. వాళ్ళ ముందు నిలబడి "నాకు ఉద్యోగం వద్దు, ఒక ఆలోచన ఉంది" అనగలమా?

మనకు మాట లేక కాదు, అండ లేక వెనుకబడుతున్నాం. బాబాసాహెబ్ అంబేద్కర్ 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' పత్రిక ప్రారంభించినప్పుడు కొల్హాపూర్ సాహు మహారాజ్ ఆర్థిక సాయం చేశారు. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టుకతోనే చూపు లేని శ్రీకాంత్ బొల్లా, ఇంటర్‌లో సైన్సు చదవడానికే కోర్టుకు వెళ్ళవలసి వచ్చింది. ఆయన 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించి వికలాంగులకు ఉపాధి కల్పించారు. అందులో రతన్ టాటా పెట్టుబడి పెట్టారు. అంతటివారికీ ఒకరి చేయూత అవసరమైంది.

అందుకే పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు మా విన్నపం. మీరు వార్షికోత్సవానికి వచ్చినప్పుడు "ఏ ఉద్యోగానికి చదువుతున్నావు?" అని అడుగుతారు. సంతోషమే. దానితోపాటు "ఏం మొదలుపెట్టాలనుకుంటున్నావు?" అని కూడా అడగండి. తలా కొంత వేసి ఒక చిన్న నిధి ఏర్పాటు చేయండి. ఏడాదికి ఒక్కరు నిలబడినా చాలు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఉద్యోగాన్ని మేము తక్కువ చేయడం లేదు. కానీ మన వాడల్లో ఏం కావాలో, ఏది మారాలో మనకు తెలిసినంతగా బయటివాళ్ళకు తెలియదు. ఆ మాట మన నోటితో, మన సంస్థల ద్వారా వినబడాలని మా కోరిక.