అడగాల్సినవాళ్లం అడగలేదు

కర్నూలు, కడప జిల్లాల్లో నాలుగు అక్షరాలు నేర్చినవాళ్లం మనం. టీచర్లం, విలేకరులం, లాయర్లం, కథలూ వ్యాసాలూ రాసేవాళ్లం. నీళ్ల గురించి అడిగాం. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక చూపించి హైకోర్టు అడిగాం. సిద్ధేశ్వరం అలుగు కోసం 2016 మే నెల ఎండలో వేలమందిమి కదిలాం. అదే ఏడాది ప్రజా సాధికార సర్వే అని ట్యాబ్‌లు పట్టుకుని ఇంటింటికీ వచ్చి కులం, ఆస్తి, బ్యాంకు ఖాతా, వేలిముద్ర తీసుకుంటుంటే మాత్రం ఒక్క ప్రశ్న వేయలేదు. పైగా పక్కింటి ముసలామెకు మనమే నచ్చజెప్పాం: "పెట్టవ్వా, పెట్టకపోతే పింఛను ఆగిపోతాది."

ఆ మాట ఎవరికి ఎంత నష్టం చేసిందో చూడాలంటే రేషన్ షాపు దగ్గర ఒక్క పూట నిలబడితే చాలు. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి ఏటా వేల కుటుంబాలు సుగ్గికి పోతాయి. గుంటూరు చేలల్లో నెలల తరబడి మిరపకాయలు కోసి, పత్తి తీసి తిరిగొస్తాయి. అలాంటి ఆడమనిషి ఈ-పాస్ మిషన్ ముందు నిలబడి వేలు పెడుతుంది. పడదు. కొంగుతో తుడుచుకుని మళ్లీ పెడుతుంది. "ఇంకో యేలు పెట్టమ్మా" అంటాడు డీలరు. ఆ వేలూ పడదు. బుడ్డలు పెరికి, కలుపు తీసి, కాయ కోసి గీతలు అరిగిపోయిన చెయ్యి అది. వెనక వరసలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు. తప్పు మిషన్‌దని అక్కడ ఎవరూ అనరు. ఆమే తలవంచుకుని పక్కకు జరుగుతుంది. సీమ కష్టం గురించి ఇన్ని పుస్తకాలు రాసిన మనం ఆ తలవంపును పట్టించుకోలేదు.

వివరం విలువ తెలియని నేల కాదు మనది. ఫ్యాక్షన్ రోజుల్లో వాయిదాకు ఏ దారిన పోతారు, బస్సులోనా జీపులోనా అన్నది ప్రాణాలతో ముడిపడిన సంగతి. కొత్త మనిషి వచ్చి "మీ ఆయన ఉన్నాడా" అని అడిగితే ఇంట్లో ఆడవాళ్లు నిజం చెప్పేవాళ్లు కాదు. మన కదలికలు ఇంకొకరి చేతిలో పడితే ఏమవుతుందో మనకు ఎవరూ నేర్పాల్సిన పనిలేదు. అంత తెలిసిన మనమే, అడిగేది ప్రభుత్వం అనగానే నోరు మూసుకున్నాం. గోప్యత పట్నం వాళ్ల ముచ్చటనీ, ఆకలితో ఉన్నవాడికి దానితో పనేమిటనీ వాదించాం. కడప, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్‌కు పోయిన ఆడవాళ్ల ఇళ్లలో ఎవరున్నారు, ఎవరు లేరు, డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది అన్నవి పరువుకూ భద్రతకూ సంబంధించిన విషయాలు. 2019 నుంచి యాభై ఇళ్లకు ఒక వాలంటీరు చొప్పున ఇలాంటి ఇంటి సంగతులన్నీ ఊరి పిల్లల ఫోన్లలోకి ఎక్కాయి. ఆ పిల్లలది తప్పు కాదు. నెలకు 5 వేల గౌరవ వేతనానికి చెప్పిన పని చేశారు. ఆ వివరాలు ఎక్కడికి పోతున్నాయని అడగాల్సిన పెద్దలం మనం.

ప్రభుత్వం చేతికి ఇచ్చిన వివరాలు ఎక్కడికి పోతాయో అంతకు ముందే బయటపడింది. 2017లో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ నివేదిక, ఆధార్ నంబర్లు బయటపెట్టిన నాలుగు ప్రభుత్వ పోర్టళ్లను చూపించింది. అందులో రెండు మన రాష్ట్రానివే. ఒకటి ఉపాధి హామీ చెల్లింపులది, రెండోది చంద్రన్న బీమాది. 2018 ఏప్రిల్‌లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో 1.34 లక్షల మంది ఆధార్ నంబర్లు కులం, మతం, బ్యాంకు ఖాతాలతో సహా అందరికీ కనిపించాయి. ఆ సంగతి బయటపెట్టింది హైదరాబాద్ పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి. మన పత్రికలు ఒకరోజు వార్త వేసి వదిలేశాయి.

2019 మార్చిలో ఐటీ గ్రిడ్స్ కేసు వచ్చింది. ఓటర్ల సమాచారం ఒక పార్టీ యాప్‌లోకి చేరిందని ఆరోపణ. 2023లో వాలంటీర్ల మీద అలాంటి వివాదమే లేచింది. రెండుసార్లూ మనం పార్టీల వారీగా చీలిపోయాం. మనవాళ్ల దగ్గరుంటే సేవ అన్నాం, అవతలివాళ్ల దగ్గరుంటే దొంగతనం అన్నాం. ఎవరి దగ్గరున్నా ఆ సమాచారం మనదే కదా అన్న మాట ఎవరి నోటా రాలేదు. నా దృష్టిలో మన తప్పుల్లో పెద్దది ఇదే.

రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి చేరే బెంగళూరులో రిటైర్డ్ జడ్జి కె.ఎస్. పుట్టస్వామి ఉండేవారు. 2012లో, 86 ఏళ్ల వయసులో, ఆధార్ మీద సుప్రీంకోర్టుకు పోయింది ఆయనే. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చారు. ప్రభుత్వం అందులో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, సరైన కారణం ఉండాలి, అవసరానికి మించి అడగకూడదు అన్నారు. ఈ మూడు ముక్కలు మన ఊళ్లలో వివరించిన మీటింగు ఒక్కటైనా పెట్టామా?

మిషన్లు వద్దనడం లేదు. కూలి డబ్బు నేరుగా ఖాతాలో పడటం వల్ల మధ్యలో కోత పెట్టేవాళ్ల చేతులు కొంత కట్టుబడ్డాయి, నిజమే. దొంగ కార్డులు ఏరాల్సిందే. కానీ ఏరే అధికారం ప్రభుత్వానికి ఇచ్చినప్పుడు లెక్క అడిగే అధికారం మనం ఉంచుకోవాలి. అది వదిలేశాం. 2023 డేటా రక్షణ చట్టం ప్రభుత్వ సంస్థలకు మినహాయింపులకు దారి వదిలింది. సమాచార హక్కు చట్టంలో సెక్షన్ 8(1)(జె)ని మార్చి, వ్యక్తిగత సమాచారం పేరుతో అధికారులు చాలా వివరాలు నిరాకరించే వీలూ కల్పించింది. 2025 జనవరి నుంచి మన మిత్ర పేరుతో ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకీ వచ్చాయి. సౌకర్యమే. దాని వెనకా అడగాల్సిన ప్రశ్నలు పాతవే.

వేలిముద్ర పడలేదని రేషన్ నిరాకరించకూడదని కేంద్రం 2017లోనే రాతపూర్వకంగా చెప్పింది. ధ్రువీకరణ కుదరనంత మాత్రాన పథకం ఆపకూడదని సుప్రీంకోర్టు 2018 ఆధార్ తీర్పులోనూ ఉంది. ఈ రెండింటినీ తెలుగులో ఒక కాగితం మీద రాసి మీ ఊరి రేషన్ షాపు గోడకు, సచివాలయం గోడకు అంటించండి. వచ్చే గ్రామసభలో లేచి మూడు సంగతులు అడిగి, మినిట్స్‌లో రాయించండి: మా వివరాలు ఎవరి దగ్గరున్నాయి, ఎవరెవరు చూస్తున్నారు, ఎప్పుడు చెరిపేస్తారు? చదువురానివాళ్లను ముందుకు తోసి మనం వెనక నిలబడొద్దు. ఈసారి అడిగేది మనమే కావాలి.