రేకు నుండి దస్తావేజు వఱకు

శాసనపాఠములను బోధించునపుడు మనము ప్రశస్తి యొద్ద చాలసేపు నిలుతుము. వంశవర్ణనలోని సమాసములను విడదీయుదుము, ఛందస్సును గుర్తింతుము. సీమానిర్దేశము వచ్చుసరికి ‘తక్కినది స్పష్టము’ అని పుట త్రిప్పుదుము. దానపత్రమునకు ప్రాణము ఆ విడిచిన భాగముననే యున్నదని నా అభిప్రాయము. చేను ఎక్కడ మొదలై ఎక్కడ ముగియునో తెలియనిచో ప్రతిగ్రహీత దున్నుకొనునది ఏమి?

యాజ్ఞవల్క్యస్మృతి ఆచారాధ్యాయమున ఈ విషయము స్పష్టముగా విధింపబడినది. రాజు తన వంశ్యుల పేర్లను, తన పేరును, దానపరిమాణమును, ఎల్లలను వస్త్రముపైనగాని తామ్రపట్టముపైనగాని వ్రాయించి, ముద్రయు, హస్తాక్షరమును, కాలమును చేర్పవలెను. అనగా పత్రమున ఏ యే యంగము లుండవలెనో శాస్త్రమే నిర్ణయించినది.

తూర్పు చాళుక్యుల తామ్రశాసనములను పరిశీలింపుడు. సాధారణముగా మొదటి రేకు, చివరి రేకుల వెలుపలి ముఖములు వ్రాత లేక యుండును. అక్షరములు ఒరసికొని అరుగకుండుటకు అంచులను కొంచెము ఎత్తుగా మలతురు. రేకులకు రంధ్రము చేసి, కడియము దూర్చి, దాని కొనలను వరాహలాంఛనమును ‘శ్రీ త్రిభువనాంకుశ’ బిరుదమును గల ముద్రతో బంధింతురు. కడియమును కోయక నడుమ నొక రేకును చేర్చుటగాని తీయుటగాని సాధ్యము కాదు. మనము కళాఖండమని మెచ్చుకొను ఆ ముద్ర కూటశాసనమునకు వేసిన అడ్డుగడ.

ఇక నరసరావుపేటలోనో గురజాలలోనో రిజిస్టరైన పొలము క్రయదస్తావేజు నొకదానిని చేతబట్టుడు. తేదీ, ఉభయుల పేర్లు, తండ్రి పేర్లు, నివాసములు, అమ్మినవారికి హక్కు సంక్రమించిన విధము, ప్రతిఫలము, చివర షెడ్యూలు. అందు సర్వే నంబరు, విస్తీర్ణము, చెక్కుబందీ. ఆ చెక్కుబందీ సాధారణముగా తూర్పున మొదలై దక్షిణము, పడమర, ఉత్తరముగా సాగును. ‘పూర్వతః, దక్షిణతః’ అని పెక్కు తామ్రశాసనములలో చదివిన ప్రదక్షిణక్రమమే యిది! వ్రాసియిచ్చినవారు పుటపుటకు సంతకము చేయుదురు. కాగితము వెనుక మొత్తము కాగితముల సంఖ్య, ఈ కాగితపు వరుస సంఖ్య అని వేసి అధికారి సంతకము చేయును. నాటి కడియము చేసిన పని నేడు ఈ రెండంకెలు చేయుచున్నవి. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము 20వ సెక్షను ప్రకారము పంక్తుల నడుమ చేర్పులు, ఖాళీలు, చెఱిపివేతలు, దిద్దుబాట్లు ఉన్నచో వ్రాసియిచ్చినవారు వానిని సంతకముతో ధ్రువపఱుపవలెను. లేనిచో రిజిస్టరు చేయుటకు అధికారి నిరాకరింపవచ్చును.

దస్తావేజు లేఖరి పాటించు ఈ జాగ్రత్తను శాసనపరిష్కర్త పాటింపవలదా? ఎపిగ్రాఫియా ఇండికాలో రేకు, ముఖము, పంక్తి సంఖ్యలను చూపిరి. విద్యార్థుల కొఱకు మనము కూర్చుకొను పాఠములలో అవి తఱచుగా లోపించును. పంక్తుల నడుమ చిన్న అక్షరములతో చెక్కిన మాటను ‘లేఖకదోషము సవరించితిమి’ అని పాఠములో కలిపివేసినచో, అది లేఖకుడు మఱచి చేర్చినదా, పిదప ఎవరో దురాశతో చేర్చినదా అని అడుగుటకు కూడ వీలుండదు. ఆ మాట ఎల్లను తెలుపునదైనచో నష్టము చిన్నది కాదు.

పల్నాటి పల్లెలలో పాత పెట్టెల యందు భద్రముగా నున్న కాగితములను చదివి పెట్టుమని ప్రాచ్యభాషలు చదివినవారి యొద్దకే తెచ్చువారు నేటికిని కలరు. పత్రమును విప్పగానే మొదట కాగితముల లెక్క చూడవలెనని మనవారిలో ఎందఱికి తోచును? శాసనపాఠ్యమునకు ప్రక్కన పేర్లు తొలగించిన క్రయదస్తావేజు నకలు నొకదానిని చేర్చి, రెండింటిని అంగాంగముగా సరిపోల్చు అభ్యాసమును భాషాప్రవీణ విద్యార్థులచేత చేయింపవలెనని నా ప్రతిపాదన. దీనికి క్రొత్త ఆచార్యపదవి అక్కఱలేదు, రెండు తరగతుల కాలము చాలును.