పెళ్ళిచూపుల్లో అకామా కూడా చూడండి

మన లైన్లలో మళ్ళీ పెళ్ళి మాటలు మొదలైనాయి. ఈ మధ్య ఏ ఇంటికి పోయినా ఒకటే వింటున్నాను. "అబ్బాయి కువైట్‌లో ఉండాడంట. పెళ్ళి కాంగానే పిల్లను తీసుకోని పోతాడంట." అబ్బాయికి సొంతిల్లు ఉందా, తాగుతాడా, అక్కచెల్లెళ్ళు ఎంతమంది, అన్నీ విచారిస్తారు. జాతకాలు చూపించడానికి బంగారుపేట దాకా పోయి వస్తారు. "అబ్బాయి ఏ వీసా మీద ఉండాడు?" అని అడిగిన తల్లిని గానీ తండ్రిని గానీ నేను ఇంతవరకూ చూడలేదు. అందుకే ఈ నెల ఆ ఒక్క ప్రశ్న గురించే రాస్తున్నాను.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినాక మనవాళ్ళు రెండు దారులు పట్టినారు. ఎక్కువమంది తెల్లారకముందే మారికుప్పం రైలెక్కి బెంగుళూరు పోతున్నారు. కొందరు పలమనేరు, మదనపల్లె, రాయచోటి బంధువుల వెంట గల్ఫ్ పట్టినారు. కువైట్ నుంచి వచ్చిన డబ్బుతో మన పేటలో రేకులు పోయి మిద్దెలు వచ్చిన ఇళ్ళు మీకే తెలుసు. కాబట్టి కువైట్ సంబంధం చెడ్డదని నేను అనను. కాగితం చదవకుండా కుదుర్చుకోవద్దు అంటాను.

పోయిన నెల ఒక అక్క సంఘం గదికి వచ్చింది. ఆమె మొగుడు మన మిల్లులో చేసినవాడే, ఇప్పుడు లేడు. కూతురికి 23 ఏళ్ళు. పదో తరగతి తప్పింది, బెంగుళూరులో గార్మెంట్స్‌కు పోతుంది. అబ్బాయిది పలమనేరు పక్క పల్లె, కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరు. మధ్యవర్తి చెప్పిన లెక్క ఇది: పెళ్ళి ఖర్చు కాక మూడు లక్షలు "వీసా ఖర్చు" ఇస్తే ఆరు నెలల్లో పిల్ల కూడా కువైట్‌లో ఉంటుంది. అక్క చేతిలో ఉన్నది ఒక హారం, నాలుగు గాజులు. అవి కుదవ పెట్టడానికి ఫారం నింపమని వచ్చింది. పిల్ల ఉద్యోగం మానేస్తానని సూపర్‌వైజరుకు అప్పటికే చెప్పేసింది.

"అక్కా, ఫారం తర్వాత నింపుదాం. ముందు అబ్బాయితో మాట్లాడాల" అన్నాను. ఫోను చేసినాము. అబ్బాయి మర్యాదస్తుడు. "మామా, నా సివిల్ ఐడీ ఫోటో పంపిస్తా" అని అప్పుడే పంపినాడు. మనవాళ్ళు బతాకా అంటారు కదా, అదే. దాని మీద ఆర్టికల్ 20 అని ఉంది. జీతం 130 దీనార్లు అని అతనే చెప్పినాడు. మూడు లక్షల సంగతి అతనికి తెలియనే తెలియదు.

ఆ 20 అంటే ఏమిటో అందరూ తెలుసుకోవాలి. కువైట్ అకామా మీద ఆర్టికల్ నంబరు ఉంటుంది. మన ఇళ్ళకు పనికొచ్చేవి మూడు. 18 అంటే కంపెనీ, దుకాణం, కాంట్రాక్టరు దగ్గర పని. మనవాళ్ళు షూన్ వీసా అంటారు. 20 అంటే ఇంటి పని: వంట, డ్రైవరు, పిల్లల్ని చూసుకోవడం, తోటపని; దీన్ని ఖాదిం వీసా అంటారు. 22 అంటే కుటుంబం వీసా. భర్త తన జామీను మీద భార్యనూ పిల్లల్నీ పిలిపించుకోని ఉంచుకునేది అదొక్కటే. పెళ్ళికూతురు పోవాల్సింది ఈ 22 మీద.

మరి 22 ఎవరికి ఇస్తారు? కువైట్ ప్రభుత్వం కొంతకాలం కుటుంబ వీసాలు ఆపేసి 2024 జనవరిలో మళ్ళీ తెరిచింది. తెరిచినప్పుడు భర్త జీతం నెలకు కనీసం 800 దీనార్లు ఉండాలని పెట్టింది. డిగ్రీ కూడా ఉండాలన్నారు. ఆ ఏడాదే డిగ్రీ షరతు తీసేసినారు, 800 మాత్రం అట్లే నిలిచింది. దీనారు దగ్గర దగ్గర 280 రూపాయలు అనుకుంటే 800 దీనార్లు అంటే రెండు లక్షల ఇరవై నాలుగు వేలు. మన అబ్బాయి 130 దీనార్లు అంటే ముప్పై ఆరు వేల చిల్లర. ఆరింతలకు పైగా తేడా. మూడు లక్షలు కాదు, ముప్పై లక్షలు ఇచ్చినా ఆ తేడా పూడదు. చూసి రావడానికి విజిట్ వీసా వేరే ఉంది. విజిట్ అంటే రోజులు ముగిసినాక తిరిగి రావాల్సిందే, కాపురం పెట్టడానికి కాదు.

ఈ లెక్క చెప్పినాక మధ్యవర్తి రెండో దారి తీసినాడు. "అయితే పిల్లను కూడా కద్దామా వీసా మీద పంపుదాం. మొగుడూ పెళ్ళాం ఒకే ఊళ్ళో ఉంటారు కదా." తల్లులారా, ఈ మాట మీ ఇంట్లో ఎవరన్నా అంటే అక్కడే ఆపండి. ఇంటి పని వీసా మీద పోయిన ఆడపిల్ల ఉండాల్సింది కఫీల్ ఇంట్లో. మొగుడు వేరే కఫీల్ ఇంట్లో ఉంటాడు. సెలవు రోజు కలుసుకుంటే కలుసుకుంటారు, అంతే. ఆ ఇంట్లో కష్టంగా ఉందని మొగుడి దగ్గరికి వచ్చేస్తే కఫీల్ "పారిపోయింది" అని కేసు పెట్టవచ్చు. అప్పుడు అకామా పోతుంది, పట్టుకుంటే వెనక్కి పంపుతారు, మళ్ళీ ఆ దేశంలో అడుగు పెట్టనివ్వరు.

ఇంకొకటి. పదో తరగతి పాసు కాని వాళ్ళకు వచ్చేది ఈసీఆర్ పాస్‌పోర్టు. ఆ పాస్‌పోర్టు మీద ఇంటి పనికి గల్ఫ్ పోవాలంటే ఆడవాళ్ళకు 30 ఏళ్ళు నిండాలి, ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ క్లియరెన్సు ఉండాలి, అదీ ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాలి. ఆంధ్రాలో ఓంక్యాప్ అట్లాంటి సంస్థ. మన పిల్లకు 23. అంటే సరైన దారి లేదు. విజిట్ వీసా మీద ఇంకో దేశం తీసుకుపోయి అక్కడి నుంచి దాటిస్తామంటారు. అట్లా పోయిన పిల్ల పేరు మన ప్రభుత్వం లెక్కలో ఉండదు. ఏదన్నా జరిగితే ఎక్కడని వెతికేది?

ఇక అకామా రెన్యూవల్. అబ్బాయి ఎన్నేళ్ళుగా అక్కడున్నాడు అని కాదు, అకామా ఎప్పటిదాకా ఉంది అని అడగాలి. షూన్ వీసా అయితే యజమాని ముందు వర్క్ పర్మిట్ పొడిగించాలి, హెల్త్ ఇన్సూరెన్సు కట్టాలి, తర్వాత అకామా, దాని తర్వాత సివిల్ ఐడీ. ఒక్కటి ఆగితే వెనకవన్నీ ఆగుతాయి. ఇది యజమాని బాధ్యత. యజమాని నిర్లక్ష్యం చేసినా జుర్మానా పెరిగేది, పోలీసులు పట్టుకునేది మాత్రం మన పిల్లోడినే. పాస్‌పోర్టు గడువు దాటి అకామా ఇవ్వరు, కాబట్టి పాస్‌పోర్టు ముందే కొత్తది చేయించుకోవాలి. గడువు తేదీ తెలుసుకోవడానికి ఎవరినీ బతిమాలాల్సిన పనిలేదు. కువైట్ ప్రభుత్వం సహెల్ యాప్‌లో చూపిస్తుంది. పెళ్ళిచూపులకు ఫోనులో ఫోటోలు చూపించే అబ్బాయిని ఆ పేజీ కూడా చూపించమనండి. దాంట్లో తప్పేమీ లేదు.

"మావాడిది ఆజాద్ వీసా, ఎక్కడైనా పని చేసుకోవచ్చు" అని గొప్పగా చెప్పేవాళ్ళుంటారు. కువైట్ చట్టంలో ఆజాద్ వీసా అనేది లేదు. ఏటా కఫీల్‌కు డబ్బు కట్టి పేరు వాడుకోని, బయట ఇంకొకరి దగ్గర పని చేయడమే అది. తనిఖీలో దొరికితే విమానం ఎక్కించేస్తారు. 20 నుంచి 18కి మారడం కూడా చెప్పినంత సులువు కాదు. 2024లో జూలై 14 నుంచి సెప్టెంబరు 12 దాకా రెండు నెలలు మాత్రం ఆ తలుపు తెరిచినారు. అప్పుడు కూడా కఫీల్ ఒప్పుకోవాలి, అతని దగ్గర ఏడాది చేసి ఉండాలి. 2025 జూలై 1 నుంచి షూన్ వీసా వాళ్ళకు ఇంకో ముడి పడింది: దేశం దాటాలంటే యజమాని ఒప్పుకున్న ఎగ్జిట్ పర్మిట్ ఉండాలి. అంటే పెళ్ళి ముహూర్తం పెట్టేముందు సెలవు మంజూరైందో లేదో కనుక్కోవాలి. పెళ్ళికి వచ్చి ఆరు నెలలు దాటి ఇక్కడే ఉండిపోతే అకామా పోతుంది. ఇంటి పనివాళ్ళకు గడువు ఇంకా తక్కువ.

ఇదంతా మనకు కొత్తేమీ కాదు. జాన్ టేలర్ కంపెనీ కాలంలో కేజీఎఫ్‌లో విదేశీ కార్మికులంటే కార్న్‌వాల్ నుంచి ఓడలో వచ్చిన దొరలు. వాళ్ళు భార్యాపిల్లల్ని వెంట తెచ్చుకున్నారు, వాళ్ళకు బంగళాలు, క్లబ్బులు కట్టించినారు. అదే గనిలో దిగిన మన తాతలకు ఒక్క గది లైను ఇల్లు. 1930లో కూలీల వేలిముద్రలు తీసి రిజిస్టరులో పెట్టే పద్ధతి తెచ్చినప్పుడు మన తాతలు పని ఆపేసి సమ్మెకు దిగినారు. ఒకసారి పేరు కంపెనీ చేతిలో పడితే మనిషి కూడా చేతిలో పడినట్టే అని చదువురాని వాళ్ళకే తెలిసింది. మనం చదువుకోని కూడా సంతకం పెట్టే కాగితం చూడకపోతే ఎట్లా?

కుటుంబాన్ని జీతంతో తూచేది కువైట్ ఒక్కటే అనుకోవద్దు. ఇంగ్లండులో భార్యను పిలిపించుకోవాలంటే 2024 ఏప్రిల్ నుంచి ఏడాదికి 29,000 పౌండ్ల ఆదాయం చూపించాలి. సింగపూరులో వర్క్ పర్మిట్ మీద ఉన్న కూలీ అక్కడి పౌరురాలిని పెళ్ళాడాలంటే సర్కారు అనుమతి ముందు తీసుకోవాలి. అమెరికాలో అక్కడి పౌరుణ్ణి చేసుకుంటే గ్రీన్ కార్డు వస్తుంది గానీ, పెళ్ళై రెండేళ్ళు నిండకముందే వస్తే అది రెండేళ్ళ షరతు కార్డే. ఏ దేశం సంబంధమైనా పెళ్ళికి ముందే ఆ దేశం రూలు అడగాలి.

అక్క కూతురి సంగతికి వస్తాను. ఒక ఆదివారం అబ్బాయి అమ్మానాన్నలు వచ్చినారు, అబ్బాయి వీడియో కాల్‌లో ఉన్నాడు. అన్ని లెక్కలూ పిల్ల ముందే పెట్టినాము. పిల్ల కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది, "రెండేళ్ళకొకసారి వస్తాడని ముందే చెప్పి అడిగితే నేను ఆలోచిస్తా. తీసుకోని పోతానని చెప్పి చేసుకుంటే మాత్రం నాకొద్దు." అబ్బాయి వెంటనే, "తీసుకోని పోతానని నేను చెప్పలేదు. నీకు ఎవరు చెప్పినారో వాళ్ళను అడుగు. నేను ఇంకో మూడేళ్ళు చేసి వచ్చేస్తా" అన్నాడు. ఆ మాట విన్నాకే పిల్ల ఒప్పుకుంది. హారం, గాజులు ఇంట్లోనే ఉన్నాయి. పిల్ల మరుసటి రోజు యథాప్రకారం రైలెక్కింది. మధ్యవర్తి మాత్రం మన గది పక్కకు రావడం లేదు.

అందరూ ఇట్లా ఒప్పుకోవాలని నేను చెప్పను. మూడేళ్ళు ఒంటరిగా ఉండలేనని ఒక పిల్ల అంటే అదీ న్యాయమే. తెలిసి వద్దనడానికీ, తెలిసి సరే అనడానికీ పిల్లకు వీలుండాలి. అది పెద్దవాళ్ళ పని.

కత్తిరించి పెట్టుకోవడానికి:

సివిల్ ఐడీ రెండు వైపులా చూడండి. ఆర్టికల్ నంబరు, కఫీల్ పేరు, గడువు తేదీ రాసుకోండి. జీతం మాటల్లో కాదు, కాంట్రాక్టులో చూడండి.

పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉందో అడగండి. ఇంటి పనివాళ్ళ పాస్‌పోర్టు యజమాని దాచుకోకూడదని కువైట్ 2015 చట్టం, 68వ నంబరు, చెప్తుంది.

పెళ్ళైన వెంటనే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు చేయించండి. గుడి రసీదు చాలదు. ఎప్పుడన్నా 22 వీసాకు పనికి రావాలంటే ఆ సర్టిఫికెట్టు మీద రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, కువైట్ ఎంబసీ ముద్రలు పడాలి.

లైసెన్సు ఉన్న ఏజెంటు మనిషి దగ్గర తీసుకోగలిగింది 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. లైసెన్సు నంబరు ఈ-మైగ్రేట్‌లో చూడవచ్చు. అంతకు మించి అడిగితే రసీదు అడగండి, వాళ్ళే తగ్గుతారు.

ఈసీఆర్ పాస్‌పోర్టు మీద క్లియరెన్సుతో పోయేవాళ్ళకు ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. రెండేళ్ళకు 275, మూడేళ్ళకు 375 రూపాయలు. ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటికి 10 లక్షలు. ఆ కాగితం జిరాక్సు ఇంట్లో ఉండాలి.

సలహాకు, ఫిర్యాదుకు ప్రవాసీ భారతీయ సహాయత కేంద్రం ఉచిత నంబరు 1800 11 3090. పెళ్ళి చేసుకోని పోయి తిరిగి చూడని మొగుళ్ళ మీద జాతీయ మహిళా కమిషన్‌లో ఎన్నారై సెల్‌కు రాయవచ్చు. రాయడం రాకపోతే మొహమాటపడకుండా ఆదివారం సంఘం గదికి రండి, కలిసి రాద్దాం. వచ్చేటప్పుడు అబ్బాయి అకామా జిరాక్సు తెండి. జాతకం ఇంట్లోనే పెట్టి రావచ్చు.