నాటుకోళ్లకు హెల్త్ సర్టిఫికెట్ కావాలా? నా మాట ఇదీ

షెడ్డు వీడియో చూసినవాళ్లు ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటే: "అన్నా, మన కోళ్లకు డాక్టర్ సర్టిఫికెట్ తీసుకోవాలా? మనది సేంద్రియమే కదా?"

ముందు ఒకటి తేల్చుకుందాం. సేంద్రియ సర్టిఫికెట్ మనం ఎలా పెంచామో చెప్తుంది. కోడికి రోగం లేదని చెప్పదు. ఈ రెండూ వేర్వేరు.

ఇక నా అభిప్రాయం. గుడ్లు, మాంసం కోసమే పెంచి ఊళ్లోనే అమ్ముకునేవాళ్లు కాగితం కోసం ఖర్చు పెట్టక్కర్లేదు. ఆ డబ్బు టీకాలకు పెట్టండి. కొక్కెర తెగులుకు మొదటి వారంలో లసోటా చుక్కలు, రెండో వారంలో గంబోరో, ఎనిమిదో వారంలో ఆర్2బి సూది. టీకా వేస్తే సేంద్రియం పోతుందనేది అపోహ.

కానీ పిల్లలు, పొదిగించే గుడ్లు అమ్మేవాళ్లు మాత్రం పరీక్ష చేయించాల్సిందే. ఎందుకంటే పుల్లోరం అనే తెల్లపారుడు రోగం తల్లి నుంచి గుడ్డు ద్వారా పిల్లకు వస్తుంది. పెట్ట చూడ్డానికి నిగనిగలాడుతూనే ఉంటుంది. దాని పిల్లలేమో కొన్నవాళ్ల ఇంట్లో వరసగా చస్తాయి. డ్వాక్రా అక్క పొదుపు డబ్బులతో మన దగ్గర యాభై పిల్లలు కొంటే, ఆ నష్టం ఎవరిది? పరీక్ష పెద్ద పనేం కాదు. చుక్క రక్తం, చుక్క రంగు మందు పలక మీద కలిపితే రెండు నిమిషాల్లో తెలుస్తుంది. గడ్డలు గడ్డలుగా కనిపించిన పెట్టను పొదుగు మంద నుంచి తీసేయాలి. పశువైద్యుడితోనే చేయించండి.

అలాగని సర్టిఫికెట్ రక్షరేకు కాదు. అది ఆ రోజు ఫొటో మాత్రమే. మర్నాడు సంతలో కొన్న ఒక్క పుంజును నేరుగా మందలో వదిలితే కాగితం చిత్తే. కొత్త కోడిని కనీసం మూడు వారాలు విడిగా పెట్టాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది కదా. వ్యాధి తేలితే నిబంధన ప్రకారం చుట్టూ కిలోమీటరు లోపల కోళ్లన్నీ తీసేస్తారు. అప్పుడు మన దగ్గర కాగితం ఉందా లేదా అని చూడరు.

నా నిర్ణయం: పొదుగు మందకు ఏటా పరీక్ష, మిగతా కోళ్లకు టీకాలు, అన్నిటికీ రిజిస్టర్. ఏ రోజు ఏ టీకా వేశాం, ఎన్ని చనిపోయాయి, రాసి పెట్టండి. కొనేవాళ్లు అడక్కముందే ఆ పుస్తకం చూపించండి. మనల్ని నమ్మేది దాన్ని చూసే.